వేలు తెగితే ఈఎస్‌ఐ మేలా, నష్టపరిహారం మేలా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో గానీ, తణుకు వైపు రైసుమిల్లుల్లో గానీ ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు వినిపించేది మేస్త్రీ మాటే: "ఆసుపత్రి ఖర్చు ఓనరుగారు పెట్టుకుంటారు, పైన ఎంతో కొంత ఇప్పిస్తాను, కేసులొద్దురా." ఈ రాజీని మొదటే పక్కన పెట్టండి. హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకున్నా చట్టం ముందు అది చెల్లదు. పోల్చుకోవాల్సినవి రెండు: జీతంలోంచి కొంత కోసి కట్టే ఉద్యోగుల రాజ్య బీమా, అంటే ఈఎస్‌ఐ; ఓనరే ఇవ్వాల్సిన కార్మిక నష్టపరిహారం. 2025 నవంబరు 21 నుంచి రెండూ సామాజిక భద్రత కోడ్ అనే కొత్త చట్టం కిందికి వచ్చాయి గానీ, లెక్క కట్టే తీరు పాతదే.

ఒక మనిషిని తీసుకుందాం. వయసు 40, నెల జీతం 15,000. మిల్లు బెల్టులో చెయ్యి పడి బొటనవేలు పోయింది. రెండింటి పట్టికల్లోనూ బొటనవేలికి 30 శాతం నష్టమనే ఉంది.

నష్టపరిహారం అయితే జీతంలో 60 శాతం, అంటే 9,000 తీసుకుని, 40 ఏళ్ల వయసుకు నిర్ణయించిన 184.17తో గుణించి, అందులో 30 శాతం ఇస్తారు. 4,97,259 రూపాయలు, ఒకేసారి. ఈఎస్‌ఐలో సగటు జీతం మీద 90 శాతం లెక్క. ఉజ్జాయింపుగా 13,500, అందులో 30 శాతం అంటే నెలకు 4,050, బతికున్నంత కాలం. ఐదు లక్షలెక్కడ, నాలుగు వేలెక్కడ అనిపిస్తుంది. కానీ పదేళ్లు దాటిన కొద్ది నెలలకే ఈ నాలుగు వేలు ఆ మొత్తాన్ని మించిపోతాయి. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లే. మధ్యలో ధరలను బట్టి పెంచుతూ ఉంటారు, ఇంకో పనిలో చేరినా ఆపరు. ఒకేసారి వచ్చిన డబ్బు వడ్డీ అప్పులకో, పిల్ల పెళ్లికో పోవడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. నేనైతే నెలనెలా వచ్చేదే కోరుకుంటాను.

చెయ్యి మానే రోజుల్లోనూ తేడా ఉంది. మూడు నెలలు పనిలేకపోతే ఈఎస్‌ఐ నుంచి సుమారు 40,500 వస్తుంది. నష్టపరిహారంలో పక్షానికి పావు జీతం, మూడు నెలలకు 22,500. వైద్యం ఈఎస్‌ఐలో ఉచితం, రాజమండ్రిలో ఆసుపత్రి ఉంది. రెండోదాంట్లో బిల్లులు ఓనరే భరించాలి, కానీ ముందు మన జేబులోంచి పెట్టుకుని తర్వాత అడగాల్సి వస్తుంది.

అసలు టెన్షన్ వసూలు దగ్గర. నష్టపరిహారం ఓనరు నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, పైన సగం దాకా జరిమానా పడవచ్చు. అయినా కార్మిక శాఖ అధికారి ముందు దెబ్బ పనిలోనే తగిలిందని నిరూపించాలి. రేపు అదే మిల్లులో మూటలు మోయాల్సిన తోటివాళ్లు సాక్ష్యానికి రావడానికి భయపడతారు. ఈఎస్‌ఐలో డబ్బిచ్చేది దాన్ని నడిపే ప్రభుత్వ కార్పొరేషన్, ఓనరు కాదు.

అలాగని నష్టపరిహారం తక్కువదేమీ కాదు. పదిమంది కూడా లేని చిన్న మిల్లుకు, 21,000 దాటిన జీతానికి అదే దిక్కు. చెరువు మీద ఏరేటర్ కరెంటు కొట్టి చనిపోయిన కాపలాదారు కుటుంబానికీ అదే. అదే వయసు, అదే జీతం అయితే 13,81,275 రావాలి. పెద్దమనుషులు లక్షో రెండు లక్షలో తేల్చేస్తామంటే ఈ అంకె చెప్పండి.

ఇంకో మాట. ఈఎస్‌ఐలో ఉన్నవాళ్లు నష్టపరిహారం అడగడానికి లేదు. కాబట్టి దెబ్బ తగిలాక ఎంచుకోవడమనేది ఉండదు, పనిలో చేరిన రోజే తేలిపోతుంది. 15,000 జీతంలో నెలకు 112 రూపాయల 50 పైసలు కోస్తున్నారా, కార్డు నంబరు ఇచ్చారా అని అడగండి. పేరు ఎక్కించాల్సిన ఓనరు ఎక్కించకపోయినా ఈఎస్‌ఐని అడిగే హక్కు పోదు, ఆ సొమ్ము ఆయన దగ్గర కార్పొరేషన్ రాబట్టుకుంటుంది. ప్లాంటుకు వెళ్లే ఆటో కాలువగట్టు మీద బోల్తా పడినా 2010 నుంచి ఈఎస్‌ఐలో అది పని ప్రమాదమే.

జబ్బుల విషయంలో మాత్రం రెండు దారులూ కష్టమే. ఐసునీళ్లలో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు పగిలి చర్మం ఊడుతుంది, తవుడు దుమ్ముకు ఆయాసం వస్తుంది. పని వల్ల వచ్చే చర్మవ్యాధి, ఉబ్బసం జాబితాలో ఉన్నాయి. కానీ ఆ పనిలో వరసగా ఆరు నెలలు చేసినట్టు చూపాలి. కాంట్రాక్టరు మూడు నెలలకోసారి పేరు తీసేసి మళ్లీ రాస్తుంటే అది నిలవదు. హాజరు చీటీలు, జీతం పడిన బ్యాంకు పుస్తకం జాగ్రత్తగా దాచుకోండమ్మా.