దర్శకుల వారీగా బాండ్ సినిమాలు: ఏళ్ళ తరబడి చూశాక నా సమీక్ష

ఇంట్లో బాండ్ డిస్కుల సెట్టు ఉన్నవాళ్ళు చాలామంది వాటిని హీరోల వారీగా సర్దుకుంటారు. కానరీవి ఒక వరస, మూర్‌వి ఒక వరస, చివర్లో క్రెయిగ్‌వి. నేను చాలా ఏళ్ళ కిందటే ఆ పద్ధతి మార్చి దర్శకుల పేర్ల మీద సర్దుకున్నాను. చూడడం కూడా అలాగే: గై హామిల్టన్‌వి నాలుగూ వరసగా, ఆ తర్వాత ఎప్పుడో జాన్ గ్లెన్‌వి ఐదూ వరసగా. 1962లో వచ్చిన 'డాక్టర్ నో' నుంచి 2021లో వచ్చిన 'నో టైమ్ టు డై' దాకా ఈయాన్ సంస్థ తీసినవి 25 సినిమాలు. హీరోలు ఆరుగురు, దర్శకులు పన్నెండుమంది. ఈ పన్నెండుమందిలో ఎవరు ఈ సిరీస్‌కి సరిపోయారు, ఎవరు పోలేదు అన్నదే ఈ సమీక్ష. కథల ముగింపులు కూడా వస్తాయి, చూడనివాళ్ళు గమనించాలి.

మనకి గూఢచారి సినిమా అంటే హీరో పేరే ముందు గుర్తొస్తుంది. కృష్ణ చేసిన 'గూఢచారి 116' (1966) తెలియనివాళ్ళు ఉండరు గానీ, దాని దర్శకుడు ఎం. మల్లికార్జునరావు అని ఠక్కున చెప్పేవాళ్ళు ఎంతమంది? బాండ్ విషయంలోనూ అంతే. కొత్త హీరో ఎవరన్న చర్చ ఏళ్ళ తరబడి సాగుతుంది, దర్శకుడి పేరు వస్తే ఒక పూట మాట్లాడుకుని వదిలేస్తారు. నాకు మాత్రం ఆ రెండో పేరే ముఖ్యం. ఎందుకో చెప్తాను.

బాండ్ సినిమా అంటే నిజానికి రెండు షూటింగులు. నటులతో, మాటలతో దర్శకుడు తీసేది ఒకటి. స్టంట్లు, కార్లు, హెలికాప్టర్లు, మంచుకొండలతో రెండో యూనిట్ తీసేది ఇంకొకటి. చాలాసార్లు రెండూ వేరే దేశాల్లో, ఒకే రోజుల్లో జరుగుతుంటాయి. దర్శకుడు రెండుచోట్లా ఉండలేడు. ఆ రెండు ముక్కలు కలిసేచోట అతుకు కనబడిందా లేదా, ఇదే నా కొలబద్ద. బాండ్ పరిగెత్తుతున్నప్పుడూ, ప్రేమిస్తున్నప్పుడూ అదే మనిషిలా అనిపించాలి. మాటల సీన్లో తెలివైనవాడు, ఛేజింగ్‌లో ఎవరైనా ఒకటే అన్నట్టు ఉంటే ఆ దర్శకుడు ఈ పనికి తగడు, మిగతాచోట్ల ఎంత గొప్పవాడైనా సరే.

మొదటి దర్శకుడు టెరెన్స్ యంగ్‌కి ఇది తెలుసు. ఎడిన్‌బరోలో పాలబండి తోలిన షాన్ కానరీని తన టైలర్ ఆంథనీ సింక్లెయిర్ దగ్గరికి తీసుకెళ్ళి, సూటు వేసుకోవడం దగ్గర్నుంచి నేర్పిన మనిషి ఆయన. 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' (1963)లో రైలు పెట్టె ఫైటు ఇప్పటికీ తరచుగా పెట్టుకుని చూస్తాను. ముందు భోజనాల బల్ల దగ్గర గ్రాంట్ చేపతో పాటు ఎర్ర వైను అడుగుతాడు. బాండ్ గమనిస్తాడు గానీ పట్టించుకోడు. కాసేపటికి అదే మనిషి తుపాకీ పట్టుకుని తనని మోకాళ్ళ మీద కూర్చోబెడతాడు. అక్కణ్ణుంచి చాలాసేపు మాటలే. బంగారు నాణేల ఆశ చూపించి పెట్టె తెరిపిస్తాడు బాండ్. పొగ చిమ్ముతుంది, లైటు పగులుతుంది, ఆ నీలి వెలుతురులో ఇద్దరూ కలబడతారు. సంగీతం లేదు, రైలు చప్పుడు ఒక్కటే. మాటల సీను ఎక్కడ ఆగింది, ఫైటు ఎక్కడ మొదలైంది అంటే వేలు పెట్టి చూపించలేం. ఇంత ఇరుకు పెట్టెలో ఎవరు ఎక్కడున్నారో ఒక్క క్షణం కూడా మనకి తికమక రాదు. దాని ఎడిటర్ పీటర్ హంట్.

ఆ హంట్‌కే 1969లో 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' ఇచ్చారు. అప్పటికి ఆయన దర్శకుడిగా ఒక్క సినిమా తీయలేదు. హీరో జార్జ్ లాజన్‌బీ కూడా కొత్తవాడే. ఏళ్ళ తరబడి జనం దీన్ని లాజన్‌బీ సినిమా అని పక్కన పెట్టారు. దర్శకుల వరసలో చూస్తే ఇది కోహినూరు. మంచుకొండ దిగి తప్పించుకొచ్చిన బాండ్ ఊళ్ళో పండగ గుంపులో దాక్కుంటాడు. అలిసిపోయాడు, భయపడుతున్నాడు, కాలరు పైకి లాక్కుని ఐస్ రింక్ పక్కన తల దించుకుని కూర్చుంటాడు. స్కేట్లు వేసుకున్న రెండు కాళ్ళు వచ్చి ఎదురుగా ఆగుతాయి. తలెత్తితే ట్రేసీ. బాండ్ భయపడడం అంతకుముందు మనం ఎప్పుడూ ఇలా చూడలేదు. పెళ్ళి మాట తర్వాత వచ్చినా, ప్రేమ మాత్రం ఛేజింగ్ మధ్యలో ఆ ఒక్క చూపులోనే పుట్టింది. యాక్షన్ ఆపి కథ చెప్పడం కాదు, యాక్షన్‌తోనే కథ చెప్పడం అంటే ఇది. స్విట్జర్లాండ్‌లో షిల్తోర్న్ కొండ మీద, సినిమాలో విలన్ స్థావరంగా కనిపించిన తిరిగే రెస్టారెంటుకి ఇప్పటికీ సినిమాలోని పేరే, పిట్జ్ గ్లోరియా. హంట్‌కి మళ్ళీ బాండ్ రాలేదు, ఈ సిరీస్ చరిత్రలో నన్ను బాగా బాధపెట్టే విషయాల్లో అదొకటి.

హామిల్టన్ గురించి ఒక్క ముక్క: 'గోల్డ్‌ఫింగర్' (1964) అద్భుతం, డెబ్బైల్లో తీసిన మూడూ దిగుతున్న మెట్లు. లూయిస్ గిల్బర్ట్ భారీతనం మనిషి. అగ్నిపర్వతం లోపల రాకెట్ స్థావరం, జలాంతర్గాముల్ని మింగే ట్యాంకరు, ఆ తర్వాత అంతరిక్షం. 1967, 1977, 1979లో తీసిన మూడూ వరసగా చూస్తే ఒకే కథకి మూడుసార్లు రంగులేసినట్టు తెలిసిపోతుంది. అయినా 'ది స్పై హూ లవ్డ్ మి' మొదట్లో కొండ అంచు నుంచి స్కీయింగ్ దూకుడు ఉందే, బ్రిటిష్ జెండా పారాచూట్ విచ్చుకునేదాకా ఉండే ఆ నిశ్శబ్దం, దాని కోసమే ఆ డిస్కు తీస్తాను. కెనడాలోని బాఫిన్ దీవి కొండ మీంచి రిక్ సిల్వెస్టర్ నిజంగా దూకాడు. ఆ షాటు తీసిన రెండో యూనిట్ దర్శకుడు జాన్ గ్లెన్.

గ్లెన్‌ది తిరగేసిన అతుకు. ఆయన ఎడిటరు, రెండో యూనిట్‌లో ఎదిగినవాడు. 1981 నుంచి 1989 దాకా ఐదు సినిమాలు, ఇప్పటికీ అదే రికార్డు. 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ'లో గ్రీసులోని మెటియోరా కొండ ఎక్కే సీను చూస్తే అరచేతులు చెమట పడతాయి. ఒక్కో మేకూ ఊడుతుంటే మాట లేదు, పాట లేదు. అదే గ్లెన్ ఇద్దరు మనుషుల్ని గదిలో కూర్చోబెట్టి మాట్లాడించాల్సి వస్తే కెమెరాకి ప్రాణం పోతుంది. 'ఆక్టోపసీ' మనకి దగ్గరి సినిమా. ఉదయపూర్, కబీర్ బేడీ, మద్రాసు విజయ్ అమృత్‌రాజ్ టెన్నిస్ రాకెట్టుతో రౌడీల్ని కొడుతుంటే గుంపు తలలు అటూ ఇటూ తిప్పడం. ఆటో ఛేజింగ్ చిన్నప్పుడు బాగా నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. కానీ నిప్పుల మీద నడిచేవాళ్ళనీ, కత్తులు మింగేవాళ్ళనీ ఒకే వీధిలో పేర్చిన పద్ధతి మనవాళ్ళకి మింగుడుపడదు. గ్లెన్‌ని నేను తక్కువ చేయను. పని తెలిసిన మనిషి, 'లైసెన్స్ టు కిల్' చివర్లో ట్యాంకర్ల ఛేజింగ్ తీసినట్టు ఈరోజు ఎవరూ తీయడం లేదు. కాకపోతే ఐదు ఎక్కువ, మూడు దగ్గర ఆపాల్సింది.

ఇక అసలు విషయానికి వస్తాను. మార్టిన్ క్యాంప్‌బెల్. న్యూజిలాండ్‌లో పుట్టి, బ్రిటిష్ టీవీలో 'ఎడ్జ్ ఆఫ్ డార్క్‌నెస్' లాంటి సీరియల్ తీసి వచ్చినవాడు. పేరు చెప్తే టికెట్లు తెగే దర్శకుడు కాదు. రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ సిరీస్ కష్టంలో ఉన్నప్పుడే, రెండుసార్లూ కొత్త హీరోతోనే. ఆరేళ్ళ విరామం తర్వాత 1995లో 'గోల్డెన్ ఐ', మళ్ళీ 2006లో 'క్యాసినో రాయల్'. రెండుసార్లూ నిలబెట్టాడు.

'క్యాసినో రాయల్' మొదటి ఛేజింగ్ తీసుకోండి. బాంబులు చేసేవాడి వేషం వేసింది సెబాస్టియన్ ఫూకాన్, గోడలూ మేడలూ దూకుతూ పరిగెత్తే పార్కూర్ విద్యకి పునాది వేసినవాళ్ళలో ఒకడు. గోడ పైన చిన్న సందులోంచి నీళ్ళలో చేపలా దూరి అవతల పడతాడు. వెనకే వస్తున్న బాండ్ ఆ గోడనే పగలగొట్టుకుని వస్తాడు. ఒక్క డైలాగు లేదు. వాడు ఒడుపున్నవాడు, వీడు మొండివాడు, ఇంకా పదును పెట్టని కత్తి అని మనకి పూర్తిగా అర్థమైపోతుంది. తర్వాత బాండ్ పై అధికారి ఎం (జూడీ డెంచ్) వచ్చి తిట్టేది సరిగ్గా దీని గురించే. స్టంటు తీసిన యూనిట్‌కీ, జూడీ డెంచ్ సీను తీసిన యూనిట్‌కీ మధ్య అతుకు నేను ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు.

మెట్ల మీది ఫైటు ఇంకా గొప్పది. పోకర్ ఆట విరామంలో కత్తి పట్టిన మనిషిని బాండ్ గొంతు నులిమి చంపుతాడు, కథానాయిక వెస్పర్ చూస్తూ ఉంటుంది. మామూలు దర్శకుడైతే అక్కడ కట్ చేసి ఆట బల్ల దగ్గరికి వెళ్తాడు. క్యాంప్‌బెల్ గదిలోకి వెళ్తాడు. బాండ్ అద్దం ముందు రక్తం కడుక్కుంటాడు, విస్కీ ఒక్క గుక్కలో తాగుతాడు, తన మొహం తనే చూసుకుంటాడు, చొక్కా మార్చుకుని ఆటకి వెళ్తాడు. తిరిగొస్తే షవర్ కింద బట్టలతోనే వెస్పర్ ముడుచుకుని కూర్చుని ఉంటుంది. అతనూ బట్టలతోనే వెళ్ళి పక్కన కూర్చుంటాడు, చలేస్తోందా అని అడిగి నీళ్ళ వేడి పెంచుతాడు. కొట్లాటకి ఇంత ఖరీదు ఉంటుందని బాండ్ సినిమాల్లో చూపించింది ఇక్కడే. ఈ సినిమాని తెలుగు మాటలతోనూ చూశాను, అసలు భాషలోనూ చూశాను. డబ్బింగ్‌లో చమత్కారాలు సగం పోతాయి. అయినా సినిమా చెక్కు చెదరలేదు, ఎందుకంటే దాని బలం మాటల్లో లేదు.

క్యాంప్‌బెల్ రెండు సినిమాలకీ మధ్య నిర్మాతలు వరసగా మంచి డ్రామా దర్శకుల్ని తెచ్చారు. మైకేల్ ఆప్టెడ్ అలా వచ్చినవాడే, సినిమా 'ది వరల్డ్ ఈజ్ నాట్ ఇనఫ్' (1999). ఎలెక్ట్రాగా సోఫీ మార్సో పాత్ర చాలా లోతుగా ఉంటుంది, ఆ సీన్లు ఆయనవి. మంచులో ఛేజింగ్ మొదలవగానే వేరే సినిమా పెట్టినట్టుంటుంది. 'వన్స్ వర్ వారియర్స్' తీసిన లీ తమహోరి చేతికి 2002లో 'డై అనదర్ డే' ఇచ్చారు, అందులో మాయమయ్యే కారూ, కంప్యూటర్ అల మీద సర్ఫింగూ. దాని గురించి ఇంతకన్నా రాయను.

మార్క్ ఫోర్స్టర్ విషయంలో మాత్రం నాకు కోపం కన్నా జాలే ఎక్కువ. 'క్వాంటమ్ ఆఫ్ సొలేస్' (2008) హాలీవుడ్ రచయితల సమ్మె రోజుల్లో తయారైంది. అన్నిటికన్నా పొట్టి బాండ్ సినిమా, 106 నిమిషాలు. గార్డా సరస్సు పక్కన మొదలయ్యే కార్ల ఛేజింగ్‌లో ఏ కారు ఎవరిదో, ఎవరు ఎవర్ని గుద్దారో పెద్ద టీవీ మీద ఆపి ఆపి చూస్తే తప్ప తేలదు. అదే సినిమాలో బ్రెగెంజ్ ఒపెరా సీను ఉంది. టోస్కా నడుస్తుంటే ప్రేక్షకుల్లో కూర్చున్న కుట్రదారులు చెవిలో యంత్రాలతో మంతనాలాడుతుంటారు, బాండ్ మధ్యలో గొంతు కలపగానే ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతారు. అక్కడ ఫోర్స్టర్ ఏం చేయగలడో కనబడుతుంది. మిగతా యాక్షన్ అంతా అరువు శైలి.

సామ్ మెండెస్ పేరు చెప్పగానే పొగడాలి, 'స్కైఫాల్' (2012) వంద కోట్ల డాలర్లు దాటిన మొదటి బాండ్ సినిమా కూడా. షాంఘై అద్దాల మేడలో కెమెరామన్ రోజర్ డీకిన్స్ నియాన్ వెలుగుల మీద రెండు నల్లటి ఆకారాలు కొట్టుకోవడం, కెమెరా మెల్లగా దగ్గరికి జరగడం, తుపాకీ పేలినప్పుడు మాత్రమే మొహాలు వెలగడం. అతుకు లేని సీను. కానీ అదే మెండెస్‌ని 'స్పెక్టర్' (2015)కి మళ్ళీ పిలిచారు. మెక్సికో సిటీలో మొదటి లాంగ్ టేక్ అయ్యాక సినిమాకి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. విలన్ పెంపుడు అన్న అని చెప్పడం కథకి మేలు చేయలేదు. ఒక దర్శకుడు అనుకున్నదంతా ఒక సినిమాలో చెప్పేశాక రెండోది ఇవ్వకూడదు. క్యాంప్‌బెల్‌కి మధ్యలో 11 ఏళ్ళు దొరికాయి, మెండెస్‌కి మూడేళ్ళే.

2018లో డానీ బాయిల్ తప్పుకోవడం వల్ల వచ్చిన కేరీ ఫుకునాగాని కూడా ఎవరూ పెద్దగా తలుచుకోరు. 'నో టైమ్ టు డై' మొదట్లో మటేరా చౌకులో కారు చుట్టూ గుండ్లు కురుస్తుంటాయి, మడలీన్ ఏదైనా చెయ్యమని బతిమాలుతుంది, బాండ్ కదలకుండా కూర్చుంటాడు. ఈమె నన్ను మోసం చేసిందన్న కోపంతో, చచ్చినా సరే అన్నట్టు. కారులో తుపాకులున్నాయని మనకి తెలుసు. ఆయన కదలకపోవడమే ఆ సీనులో యాక్షన్. సినిమా 163 నిమిషాలు, చివరి దీవి భాగం సాగుతుంది, అయినా ఈ ఒక్క సీనుకి ఫుకునాగాకి నా దగ్గర మంచి చోటుంది.

2025లో సిరీస్ పగ్గాలు అమెజాన్ చేతికి వచ్చాయి, జూన్‌లో తర్వాతి సినిమాకి దర్శకుడిగా డెనీ విల్నవ్ పేరు ప్రకటించారు. చిన్నప్పుడు తండ్రితో కలిసి బాండ్ సినిమాలు చూస్తూ పెరిగానని ఆయన చెప్పుకున్నాడు. నాకు ఆ అభిమానం కన్నా 'సికారియో' (2015)లో సరిహద్దు దగ్గర ట్రాఫిక్ జామ్ సీను పెద్ద హామీ. కార్లు ఆగిపోతాయి, పక్క కార్లో ఎవరో చూస్తున్నారు, ఎవరూ కదలరు, కాల్పులు జరిగేది కొన్ని క్షణాలే. కథానాయిక కేట్ మొహం మీదే ఆ సీనంతా చదవొచ్చు. అది పక్కా బాండ్ దర్శకుడి పని.

సందేహాలు లేకపోలేదు. విల్నవ్ సినిమాల్లో నవ్వు తక్కువ, నిడివి ఎక్కువ. బాండ్‌కి కాస్త అల్లరి ఉండాలి, లేకపోతే సూటు వేసుకున్న దుఃఖం మిగులుతుంది. దానికి మందు స్క్రిప్టులోనూ, ఎడిటింగ్ బల్ల మీదా ఉంది. 'సికారియో' నుంచి 'డ్యూన్' రెండో భాగం దాకా ఆయన సినిమాలు కోసింది జో వాకర్. ఆయన్నే తెస్తారా, రెండో యూనిట్ ఎవరికి అప్పగిస్తారు? అందరూ హీరో పేరు కోసం చూస్తున్నారు, నేను ఈ రెండు పేర్ల కోసం చూస్తున్నాను.