పాత మిలిటరీ కత్తి ఎవరిదో తేల్చాలంటే: లండన్ గెజెట్ ఆర్కైవ్ వాడి చూశాక

బ్రిటిష్ ఆఫీసర్లకు బహుమతిగా ఇచ్చిన పాత కత్తుల ఓనర్లను వెతకడానికి నేను ఎక్కువగా వాడేది బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజెట్ పాత సంచికలున్న ఈ వెబ్‌సైటే. పైసా ఖర్చు లేదు. ఆఫీసర్ల నియామకాలు, ప్రమోషన్లు తేదీలతో సహా అందులో అచ్చయ్యాయి కాబట్టి, కత్తి అలుగు మీద పేరు ముందు 'కెప్టెన్' అని చెక్కి ఉంటే ఆయన ఎప్పుడు కెప్టెన్ అయ్యాడో, మేజర్ ఎప్పుడయ్యాడో చూసి ఆ మధ్యలోనే కత్తి ఇచ్చుంటారని లెక్క కట్టొచ్చు. సెర్చ్ మాత్రం తలనొప్పే. పాత అచ్చును కంప్యూటర్ తప్పుగా చదవడంతో కొన్ని పేర్లు అసలు తగలవు. ఇంటిపేరు ఒక్కటే కొట్టి సంవత్సరాలు తగ్గించుకుంటూ పోతే కాస్త నయం. స్మిత్ లాంటి బోలెడంత మందికి ఉండే ఇంటిపేరైతే ఇక మీ ఖర్మ!

విల్కిన్సన్ అనే లండన్ కంపెనీ చేసిన కత్తయితే పని ఇంకా సులువు. 1850ల నుంచి ఆ కంపెనీ తన మేలురకం కత్తులకు నంబర్లు వేసింది, అలుగు మొద్దు అంచు మీద పిడికి దగ్గర్లో ఉంటుంది, దాన్నిబట్టి కంపెనీ రిజిస్టర్లలో తేదీ, చాలాసార్లు కొన్నవాళ్ల పేరు దొరుకుతాయి. కాకపోతే బహుమతి కత్తి కదా, కొన్నది ఒకరు, అందుకున్నది ఇంకొకరు కావచ్చు. నంబరు కనిపించట్లేదని గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి బాబూ, టార్చి ఏటవాలుగా వేసి చూడండి.

గెజెట్‌కి ఐదుకు నాలుగు.