ఫ్లో: ఉత్తమ చిత్రం పోటీలో ఉండవలసిన సినిమా

లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ తీసిన యానిమేషన్ చిత్రం ‘ఫ్లో’లో ఒక్క మాట కూడా వినిపించదు. లోకాన్ని ముంచెత్తిన వరదలో ఒక పిల్లి, కుక్క, కాపిబారా, లెమూర్, పెద్ద పక్షి ఒకే పడవ ఎక్కి, భయాన్ని కొద్దికొద్దిగా విడిచి ఒకదానినొకటి నమ్మడం నేర్చుకునే తీరును ఆయన చూపులతో, కదలికలతో, నీటి చప్పుడుతోనే చెప్పారు. ఎవరికైనా ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో చేసినందువల్లనో ఏమో, జంతువుల ఒంటిమీది రోమాలు కొన్నిచోట్ల మొరటుగా కనిపిస్తాయి. అయినా కోత పడని దీర్ఘమైన షాట్లలో కెమెరా పిల్లి వెంటే పరుగెత్తుతుంటే, ఆ లోపం గుర్తుకే రాదు. ఇది నిస్సందేహంగా గొప్ప దర్శకత్వం.

2025లో దీనికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ లభించింది. ఆ గౌరవం సముచితమే కాని, నా దృష్టిలో చాలదు. 2002 వేడుకతో మొదలైన ఆ విభాగం యానిమేషన్‌కు గుర్తింపునిస్తూనే దానిని ప్రధాన పోటీకి దూరం చేసింది. ఉత్తమ చిత్రం నామినేషన్ ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’, ‘అప్’, ‘టాయ్ స్టోరీ 3’లకు దక్కింది కాని, పురస్కారం దేనికీ రాలేదు. బెర్లిన్ చిత్రోత్సవం మాత్రం 2002లోనే జపాన్ యానిమేషన్ చిత్రం ‘స్పిరిటెడ్ అవే’ను నటులున్న చిత్రాలతో సమానంగా తూచి, తన అత్యున్నత పురస్కారమైన గోల్డెన్ బేర్‌ను మరో చిత్రంతో కలిపి అందించింది. ‘ఫ్లో’ను కూడా అదే త్రాసులో తూచి ఉండవలసింది.