నాలుగేళ్లు వాడాక టెకొన్షా ప్రాడిజీ పీ3: పెట్టె సంగతి, వైర్ల సంగతి

ధాన్యం బస్తాలతో నిండిన ట్రక్కు కాలువ గట్టు దిగేటప్పుడు ముందున్న ట్రాక్టర్‌ను ఎలా తోస్తుందో చూసినవాళ్లకు, ట్రైలర్‌కు సొంత బ్రేకు ఎందుకో వివరించాల్సిన పని లేదు. అమెరికాలో కారు వెనక క్యాంపింగ్ ట్రైలర్ తగిలించినా జరిగేది అదే. కాకపోతే ఇక్కడ ట్రైలర్ చక్రాల్లో కరెంటుతో పనిచేసే బ్రేకులు ముందే ఉంటాయి. వాటికి ఎప్పుడు ఎంత కరెంటు పంపాలో చూసుకునే పెట్టెను మాత్రం చాలా బండ్లలో మనమే బిగించుకోవాలి. దాన్నే బ్రేక్ కంట్రోలర్ అంటారు. టెకొన్షా ప్రాడిజీ పీ3ని నాలుగేళ్లుగా వాడుతున్నాను. బండి ఐదో తరం టయోటా ఫోర్‌రన్నర్, లాగే పరిమితి 5,000 పౌండ్లు. ట్రైలర్ ఒకే ఇరుసుది, 10 అంగుళాల బ్రేకు డ్రమ్ములు, నీళ్లూ గ్యాసూ సామానూ నింపాక 3,400 పౌండ్లు తూగుతుంది.

పెట్టె బాగుంది, మళ్లీ కొనాల్సివస్తే ఇదే కొంటాను. కానీ బ్రేకు సరిగ్గా పట్టడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి పెట్టెతో సంబంధం ఉండదు. తప్పు వైర్లలోనో డ్రమ్ముల్లోనో ఉంటుంది. అందుకే ఇక్కడ పెట్టె గురించి ఎంత రాశానో వాటి గురించీ అంతే రాశాను.

చట్టం విషయం ఒక్క మాటలో: టెక్సాస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటని ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి కాదు. చాలా రాష్ట్రాల్లో ఆ గీత 3,000 దగ్గర, కాలిఫోర్నియాలో 1,500 దగ్గరే ఉంది. టెక్సాస్ అంకె చూసుకుని కంట్రోలర్ లేకుండా బయల్దేరేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. 3,400 పౌండ్ల ట్రైలర్‌ను కారు బ్రేకులొక్కటే ఆపాలంటే వానలో ఆగే దూరం భయపెట్టేంత పెరుగుతుంది.

ఎంచుకునేటప్పుడు తేల్చుకోవాల్సిన అసలు విషయం ఒకటే. చవకగా దొరికే టైమ్ డిలే రకానికి మీరు పెడల్‌ను ఎంత గట్టిగా తొక్కారో తెలియదు. బ్రేక్ లైటు వెలిగిన క్షణం నుంచి ముందే పెట్టిన లెక్క ప్రకారం కరెంటు పెంచుకుంటూ పోతుంది. ట్రాఫిక్‌లో నెమ్మదిగా పాకుతున్నప్పుడు మెల్లగా తొక్కినా ట్రైలర్ వెనక్కి గుంజుతుంది, సడన్ బ్రేకు వేసినప్పుడేమో ఆలస్యంగా అందుకుంటుంది. ప్రొపోర్షనల్ రకంలో లోపల కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. బండి వేగం ఎంత తీవ్రంగా తగ్గుతోందో చూసి అంతకు తగ్గ కరెంటే పంపుతుంది. పీ3 ఈ రకానిది. నాలుగు ఇరుసుల దాకా, అంటే ఎనిమిది బ్రేకుల దాకా నడుపుతుంది. రివర్స్‌లోనూ పనిచేస్తుంది. ఏడాదికి ఒక్కసారే లాగినా సరే, టైమ్ డిలే కొనమని ఎవరికీ చెప్పను.

బిగించడంలో ఫోర్‌రన్నర్ వాళ్లకు సగం పని కంపెనీయే చేసి పెట్టింది. వెనక ఏడు పిన్నుల సాకెట్ ఉంటుంది, డ్యాష్‌బోర్డ్ కింద కంట్రోలర్ కోసమే ఒక ఖాళీ ప్లగ్గు ఉంటుంది. బండికి సరిపోయే హార్నెస్ (ప్లగ్గులున్న వైర్ల కట్ట) విడిగా కొంటే ఒక కొస ఆ ప్లగ్గులోకి, రెండోది పీ3లోకి వెళ్తుంది. వైరు కోయాల్సిన పని లేదు. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఇంట్లో మామూలు పనిముట్లు ఉంటే గంటలోపు అయిపోతుంది.

తొందరపడకూడనిది పెట్టెకు చోటు ఎంచుకోవడంలో. ఫోర్‌రన్నర్‌లో డ్రైవర్ మోకాళ్ల ముందున్న ప్యానెల్ వెనక ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. అక్కడ స్క్రూ దించారంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారిలో ఇనుప ముక్క పెట్టుకున్నట్టే. ప్యానెల్ అంచు కింద, కుడి మోకాలికి తగలని చోటు చూసుకోండి. బ్రాకెట్ పెట్టకముందే సీట్లో కూర్చుని, పెడల్ తొక్కి, చెయ్యి చాపి మాన్యువల్ లీవర్ (పెడల్ తొక్కకుండా ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేసేది) చూడకుండా అందుతుందో లేదో చూసుకోండి. ట్రైలర్ ఊగినప్పుడు వెతుక్కునే టైము ఉండదు. పెట్టె బండి వెళ్లే దిశకు సమాంతరంగా, ఎడమకూ కుడికీ ఒరగకుండా ఉండాలి. పక్కకు వంగితే సెన్సర్ లెక్క తప్పుతుంది. పెట్టెతో ఇచ్చిన పొట్టి స్క్రూలే వాడండి, పొడుగు స్క్రూ లోపలి సర్క్యూట్‌లోకి దిగుతుంది.

ప్లగ్గు లేని బండిలో నాలుగు వైర్లు మీరే లాగాలి. నల్లది బ్యాటరీ పాజిటివ్‌కు, మధ్యలో తనంతట తానే రీసెట్ అయ్యే సర్క్యూట్ బ్రేకర్‌తో. రెండు ఇరుసుల దాకా 20 ఆంపియర్లది, అంతకు మించితే 30 ఆంపియర్లది. తెల్లది బ్యాటరీ నెగటివ్‌కు. దగ్గర్లో బోల్టు కనిపించింది కదా అని దానికి కట్టేయొద్దు. నీలంది వెనక ఏడు పిన్నుల సాకెట్‌లోని బ్రేక్ పిన్నుకు. ఎర్రది బ్రేక్ లైటు స్విచ్‌కు, పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైపుకు. ఈ ఎర్ర వైరు దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. ఎప్పుడూ కరెంటు ఉండే వైపు కలిపితే పెడల్ ఎప్పుడూ తొక్కి ఉందనే కంట్రోలర్ అనుకుంటుంది. మల్టీమీటర్‌తో చూడకుండా ఆ వైరు ముట్టుకోవద్దు. నల్లది, తెల్లది, నీలంది 10 గేజ్ వేయండి. సన్నటి వైరు అంత దూరం వెళ్తే వోల్టేజి దారిలోనే పడిపోతుంది.

బిగించాక చాలామందికి వచ్చే మొదటి కంగారు ఇది. బండి నిలబెట్టి పెడల్ ఎంత గట్టిగా తొక్కినా తెరపై చిన్న అంకే కనిపిస్తుంది. పెట్టె పాడైందని తిరిగి పంపేవాళ్లున్నారు. పాడవలేదు. బండి కదలనప్పుడు వేగం తగ్గడమంటూ ఉండదు కాబట్టి ప్రొపోర్షనల్ కంట్రోలర్ ఎక్కువ కరెంటు పంపదు. నిలబడి ఉండగా చూడాలంటే మాన్యువల్ లీవర్ చివరిదాకా నెట్టాలి. అప్పుడు తెరపై కనిపించేదే మీరు పెట్టిన పవర్, అంటే ట్రైలర్ బ్రేకులకు ఎక్కువలో ఎక్కువ ఎంత పంపాలో చెప్పే అంకె.

ఆ పవర్ పెట్టడమే ఇక్కడ అసలు విద్య. ట్రైలర్‌ను ప్రయాణానికి ఎలా నింపుతారో అలాగే నింపండి. ఎదురుగా ఎవరూ లేని, తడి లేని, చదునైన తారు రోడ్డు చూసుకోండి. ముందు కొన్నిసార్లు బ్రేకులు వేసి డ్రమ్ములు కాస్త వేడెక్కనివ్వండి. పవర్‌ను 6 దగ్గర పెట్టి, గంటకు 25 మైళ్ల వేగంలో పెడల్ తొక్కకుండా లీవర్ ఒక్కటే చివరిదాకా నెట్టండి. ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోయి టైర్లు ఈడిస్తే పవర్ ఎక్కువైంది. ట్రైలర్ సోమరిగా ఆగితే తక్కువైంది. చక్రాలు బిగుసుకునే చోటికి కాస్త ముందు ఆగండి. నా ట్రైలర్‌కు నిండుగా ఉంటే 6.2, ఖాళీగా ఉంటే 4.5 సరిపోతున్నాయి. ఇవి మీ ట్రైలర్‌కు పనికొచ్చే అంకెలు కావు, బరువును బట్టి ఎంత తేడా వస్తుందో తెలియడానికి చెబుతున్నాను. వానలోనూ కంకర రోడ్డు మీదా ఇంకా తగ్గించాలి. పీ3 ఐదు వేర్వేరు సెట్టింగులు దాచుకుంటుంది కాబట్టి నిండుగా ఒకటి, ఖాళీగా ఒకటి పెట్టుకోవచ్చు.

బూస్ట్ బటన్ పవర్‌ను పెంచేది కాదు. పెడల్ తాకగానే ట్రైలర్ బ్రేకు ఎంత ముందుగా, ఎంత చురుగ్గా అందుకోవాలో అది చూసుకుంటుంది. బండి కంటే ట్రైలర్ బాగా తేలికైతే బూస్ట్ వద్దు. రెండూ ఇంచుమించు ఒకే బరువైతే మొదటి మెట్టు చాలు. మూడో మెట్టు బండి కంటే ట్రైలర్ బాగా బరువైనప్పటి కోసం. పవర్ సరిగ్గా పెట్టకుండా బూస్ట్‌తో సర్దుకోవాలని చూస్తే సిగ్నల్ దగ్గర ప్రతిసారీ కుదుపే.

దీని విలువ తెలిసేది దిగుడు మీద. అమరిల్లో దగ్గరి పాలో డ్యూరో కాన్యన్ పార్కులోకి దిగే రోడ్డు 10 శాతం వాలు. గేర్లు మనమే మార్చుకునే ఎస్ మోడ్‌లో గేరు తగ్గించి ఇంజన్‌తో వేగాన్ని పట్టి ఉంచుతూ, మధ్యమధ్య పెడల్ తొక్కి వదులుతూ దిగితే ట్రైలర్ వెనక ఉన్నట్టే అనిపించదు. పెడల్ మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాగి పట్టు జారిపోతుంది. దాన్ని ఏ కంట్రోలరూ ఆపలేదు. ఇంకొకటి, పెద్ద లారీ పక్కనుంచి దూసుకెళ్లి ట్రైలర్ ఊగడం మొదలుపెడితే, పెడల్ ముట్టుకోకుండా యాక్సిలరేటర్ వదిలి లీవర్ మెల్లగా నెట్టండి. ట్రైలర్ వెనక్కి గుంజి తిన్నగా సర్దుకుంటుంది. ఫోన్‌లో నడిచే కంట్రోలర్లకంటే చేతికందే లీవర్ ఉన్నదాన్నే నేను ఇష్టపడేది ఇందుకే.

పీ3లో నచ్చనివీ ఉన్నాయి. మధ్యాహ్నం ఎండ ఎడమ కిటికీలోంచి పడితే తెర చదవడం కష్టం. పెట్టె కాస్త పెద్దది, పొడుగు కాళ్లవాళ్లకు అడ్డమే. బ్రాకెట్‌లోంచి ఊడదీసి ప్లగ్గు విప్పే వీలుంది కాబట్టి లాగనప్పుడు గ్లవ్ బాక్స్‌లో పెట్టేయొచ్చు.

ఇక ఏడు పిన్నుల సాకెట్ దాటాక వచ్చే తంటాలు. ట్రైలర్ చక్రంలో అయస్కాంతం తిరిగే డ్రమ్ముకు అంటుకుని, దానితో పాటు లాగబడి, మీట ద్వారా బ్రేకు షూలను విడదీసి డ్రమ్ముకు అదుముతుంది. 10 అంగుళాల బ్రేకులో ఒక్కో అయస్కాంతం 12 వోల్టుల దగ్గర సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే సగం రోగాలు తెలిసిపోతాయి. డీసీ కొలిచే క్లాంప్ మీటర్‌ను నీలం వైరు చుట్టూ పెట్టి, ఇంజన్ ఆన్ చేసి, పవర్ పూర్తిగా పెంచి లీవర్ నెట్టండి. ఒక ఇరుసుకు 6, రెండు ఇరుసులకు 12 దరిదాపుల్లో రావాలి. ఒక ఇరుసు ట్రైలర్‌కు 3 వస్తే ఒక పక్క పనిచేయడం లేదు. రెండు పక్కలా సమంగా తక్కువ వస్తే ముందు గ్రౌండ్ వైరు చూడండి. ట్రైలర్ ఫ్రేముకు స్క్రూతో బిగించిన చోట తుప్పు పడుతుంది. గీకి శుభ్రం చేసి కొత్త రింగ్ టెర్మినల్ వేస్తే చాలాసార్లు అక్కడితో సరి.

రోడ్డు మీద గతుకులు వచ్చినప్పుడే తెరపై షార్ట్ అని చూపించి, ఆపి చూస్తే ఏమీ కనిపించకపోతే ఇరుసు గొట్టంలో వెతకండి. ఒక చక్రం నుంచి రెండో చక్రానికి వైరు ఆ బోలు గొట్టంలోంచే వెళ్తుంది, లోపల దొర్లుతూ తొడుగు అరిగిపోతుంది. దాన్ని వదిలేసి, కొత్త వైరును ఇరుసు వెనకవైపు తొడుగులో పెట్టి జిప్ టైలతో కట్టేయడమే శాశ్వత మందు.

కరెంటు అంతా సరిగ్గా ఉన్నా బ్రేకు నీరసంగా ఉంటే డ్రమ్ముకూ షూకూ మధ్య ఎడం సర్దలేదన్నమాట. చాలా ట్రైలర్లలో ఇవి తమంతట తాము సర్దుకోవు. మొదటి 200 మైళ్లకు ఒకసారి, తర్వాత ప్రతి 3,000 మైళ్లకు ఒకసారి చక్రం పైకెత్తి, వెనక పలకలోని కంతలోంచి నక్షత్రంలాంటి చిన్న పళ్ల చక్రం తిప్పి, చక్రం తిరగనంత బిగించి, షూ సన్నగా రాసుకునేదాకా వదలాలి. కొత్త షూలైతే గంటకు 40 మైళ్ల నుంచి 20కి తగ్గిస్తూ 20 నుంచి 30 సార్లు, మధ్యలో చల్లారనిస్తూ బ్రేకు వేయాలి. అప్పటిదాకా పవర్ ఎంతని తేల్చకండి. హబ్‌లోకి గ్రీజు గన్‌తో ఉత్సాహంగా కొట్టేవాళ్లు జాగ్రత్త. లోపలి సీల్ దాటి గ్రీజు షూల మీదికి వస్తే కడిగి వాడదామనుకోవద్దు, మార్చాల్సిందే.

ట్రైలర్ ఊడిపోతే దానంతట అదే బ్రేకు వేసే బ్రేక్‌అవే స్విచ్‌ను ప్రతి ప్రయాణానికి ముందు చూడండి. ముందు ఏడు పిన్నుల ప్లగ్గు తీసేయాలి, తీయకుండా స్విచ్ పిన్ను లాగితే ఆ కరెంటు వెనక్కి వెళ్లి కంట్రోలర్ కాలొచ్చు. పిన్ను లాగి, చక్రాలు బిగిశాయో లేదో చూసి, వెంటనే మళ్లీ పెట్టేయండి. ఎక్కువసేపు ఉంచితే ట్రైలర్ బ్యాటరీ ఖాళీ అవుతుంది, అయస్కాంతాలు కాగుతాయి. దాని తీగను సేఫ్టీ గొలుసుకో, ట్రైలర్‌ను తగిలించే బంతి ఉన్న కమ్మీకో కాకుండా బండికి శాశ్వతంగా బిగించిన హిచ్ భాగానికి తగిలించండి. కమ్మీ జారి బయటికొస్తే దానితో పాటు తీగ కూడా ట్రైలర్‌తోనే పోతుంది, పిన్ను మాత్రం ఊడదు.