స్లీవా, బైపాసా: బరువు తగ్గించే ఈ రెండు ఆపరేషన్లలో తిండి యావకి ఏది మేలు?

కడుపు నిండా భోంచేసినా బ్రాడీపేటలో బజ్జీల బండి కనబడగానే కాళ్లు అటే లాగుతున్నాయంటే, దాన్ని మనసు బలహీనత అనకండి. ఊబకాయం ఉన్నవాళ్ల మెదడుని ఎఫ్‌ఎంఆర్‌ఐలో (మెదడు పనితీరు చూపించే స్కాన్) చూస్తే, తీపి, నూనె తిండి బొమ్మ చూపించగానే ఆనందానికి సంబంధించిన భాగాలు ఎక్కువగా స్పందించినట్టు చాలా పరిశోధనల్లో తేలింది. ‘ఇక చాలు’ అని చెప్పాల్సిన లెప్టిన్ అనే హార్మోన్ రక్తంలో దండిగా ఉన్నా, మెదడులో ఆకలిని అదుపు చేసే హైపోథాలమస్‌కి ఆ మాట చెవికెక్కదు.

నోరు కట్టేసుకుని తగ్గితే ఒంట్లో ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువవుతుంది. 2011లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో, పది వారాల కఠిన డైట్ అయిపోయి ఏడాదైనా గ్రెలిన్ లాంటి ఆకలి హార్మోన్లు పాత స్థాయికి రాలేదు. పోయిన బరువు తిరిగి రావడానికి ఇదొక పెద్ద కారణం.

ఇక ఆపరేషన్ల సంగతి. స్లీవ్‌లో కడుపుని సుమారు 75–80 శాతం కోసి తీసేస్తారు, అరటిపండంత గొట్టం మిగులుతుంది. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం పోతుంది కాబట్టి ఆకలి బాగా తగ్గుతుంది. బైపాస్‌లో కడుపు పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచిగా చేసి నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. తిన్నది త్వరగా పేగు చేరి, తృప్తినిచ్చే జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. (స్లీవ్‌లోనూ ఇవి పెరుగుతాయి.) 2014లో లండన్ పరిశోధకులు బైపాస్ వాళ్లనీ, కడుపుకి బ్యాండ్ బిగించి చిన్నది చేసినవాళ్లనీ పోల్చి చూస్తే, తిండి బొమ్మలకి మెదడు స్పందన బైపాస్ వాళ్లలోనే తక్కువ. కడుపు చిన్నదైతే చాలదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

అలాగని అందరికీ బైపాసే అనను. ఛాతీలో మంట, పులితేన్పులు ఎక్కువగా ఉంటే స్లీవ్ వాటిని ముదరబెట్టవచ్చు, అక్కడ బైపాసే నయం. షుగర్ ముదిరినవాళ్లకీ నా మొగ్గు అటే. కానీ మోకాళ్ల నొప్పులకి రోజూ డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి బైపాస్ అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఎక్కువ. పొగ తాగినా అంతే. ఇనుము, బి12, కాల్షియం లోపాలు కూడా బైపాస్‌లోనే ఎక్కువ. ఏ ఆపరేషన్ అయినా విటమిన్ మాత్రలు జీవితాంతం వాడాల్సిందే.

బైపాస్ తర్వాత రెండు బందరు లడ్డూలు తిన్నారనుకోండి. కాసేపట్లోనే చెమటలు, గుండె దడ, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు మొదలవచ్చు. దీన్నే డంపింగ్ అంటారు. కొందరికి రెండు మూడు గంటల తర్వాత షుగర్ పడిపోతుంది కూడా. ఈ భయంతో తీపి మానేసేవాళ్లున్నారు, కానీ అందరికీ డంపింగ్ రాదు. దాన్ని నమ్ముకుని ఆపరేషన్ ఎంచుకోవద్దు.

రెండింటిలోనూ దెబ్బతినేది ఒకేచోట. ఏడాది, రెండేళ్లకి యావ మెల్లగా తిరిగి రావచ్చు. గట్టి తిండి ఇరుక్కుంటోందని ఐస్‌క్రీమ్, లస్సీ, జ్యూస్‌లకి మళ్లితే అవి ఇట్టే జారిపోతాయి, కడుపు అడ్డు చెప్పదు, బరువు పెరుగుతుంది. అందుకే ఆకలి చచ్చి ఉన్న మొదటి ఏడాదిలోనే అలవాటు మార్చుకోవాలి. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలి, పళ్లెంలో గుడ్డో, చేపో, పప్పో ముందు తిని అన్నం చివర్లో రెండు ముద్దలు. నీళ్లు తిన్న అరగంటకి. దిగులుతోనో, ఊసుపోకో తినేవాళ్లయితే తేదీ ఖాయం చేసుకునే ముందే సైకాలజిస్టుని కలవాలి, ఆ తిండికి గ్రెలిన్ ఒక్కటే కారణం కాదు.