బ్రాకియోపాడా, కొనొడాంటా: పెర్మియన్ మహావినాశనాన్ని దేనితో చదవాలి?

సుమారు 25.2 కోట్ల ఏళ్ల కిందట, పెర్మియన్ యుగం ముగిసే వేళ, సముద్ర జీవజాతుల్లో అత్యధిక భాగం నశించింది. ఆ ఘట్టాన్ని ప్రాజెక్టుగా తీసుకునే భూగర్భశాస్త్ర విద్యార్థికి ఎప్పుడూ ఇదే సందేహం: రెండు పెంకుల సముద్రజీవి బ్రాకియోపాడ్ శిలాజాలను ఎంచుకోవాలా, లేక ఈల్ చేపలాంటి కొనొడాంట్ వదిలిన, పళ్లలాంటి సూక్ష్మ శిలాజాలనా?

ఖర్చు: బ్రాకియోపాడ్‌కు సుత్తి, భూతద్దం, ఓపిక చాలు. కొనొడాంట్‌కు కిలోల కొద్దీ సున్నపురాయిని ఆమ్లంలో కరిగించి, మిగిలిన మడ్డిని సూక్ష్మదర్శిని కింద గాలించాలి.

కాలనిర్ణయం: ఇక్కడ పోటీయే లేదు. పెర్మియన్ తర్వాతి యుగమైన ట్రయాసిక్ ఆరంభాన్ని చైనాలోని మీషాన్‌లో హిండియోడస్ పార్వస్ అనే కొనొడాంట్ తొలిసారి కనిపించే పొరతోనే 2001లో ఖరారు చేశారు.

విస్తరణ: నా మొగ్గు బ్రాకియోపాడ్ వైపే. కొనొడాంట్ ఈదుతూ దూరాలు దాటేది; బ్రాకియోపాడ్ పెద్దయ్యాక సముద్రపు అడుగునే ఉండిపోతుంది. లోతు, చలి, బురద మారితే అక్కడి జాతులూ మారతాయి. పెర్మియన్‌కు చాలా ముందటి ఆర్డొవిషియన్ యుగం చివరి మంచుయుగంలో, చల్లని నీటి హిర్నాంటియా అనే బ్రాకియోపాడ్ సమూహం విస్తరించిన తీరు అందుకు సాక్ష్యం.

వినాశనం: బ్రాకియోపాడ్లలో ముళ్ల పెంకుల ప్రొడక్టిడ్లు అనే వర్గం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, లింగులా అనే మరో రకం బంధువులు బతికి బట్టకట్టాయి. కొనొడాంట్లు ఈ గండం గట్టెక్కి ట్రయాసిక్ చివరిదాకా సాగాయి.

చిక్కు: అరుదైన బ్రాకియోపాడ్ జాతి అసలు అంతరించక ముందే రాళ్లలో కనిపించడం మానేస్తుంది. కొనొడాంట్ ఫలితమేమో ప్రయోగశాల దాకా వెళ్తేగాని తెలియదు.

పొర వయసు తేల్చాలంటే కొనొడాంట్. ఎవరు ఎక్కడ బతికారు, ఎవరు పోయారు అన్నదే ప్రశ్నయితే, చేతిలో డబ్బు తక్కువైతే, బ్రాకియోపాడ్. గోదావరి లోయ బొగ్గుపొరల్లో మాత్రం వీటిని వెతకవద్దు. అవి నదులు పేర్చిన పొరలు.