పడక్కుర్చీలోంచి రుబ్ అల్ ఖాలీ: ‘అరేబియన్ శాండ్స్’ ఎలా చదవాలి

ఎడారి యాత్రల మీద ఒక్క పుస్తకమే కొనాలనుకుంటే బ్రిటిష్ యాత్రికుడు విల్‌ఫ్రెడ్ థెసిజర్ రాసిన ‘అరేబియన్ శాండ్స్’ కొనండి. 1959లో అచ్చయింది. మిడతలు ఎక్కడ పుడుతున్నాయో చూసి రమ్మని ఒక మిడతల నివారణ విభాగం ఆయన్ను 1945లో దక్షిణ అరేబియాకు పంపింది. ఆయనకు కావలసింది మాత్రం ఎడారి. 1946–47లో ఒకసారి, 1947–48లో ఇంకోసారి బెదూలతో, అంటే ఎడారిలో తిరిగే సంచార తెగలవాళ్లతో కలిసి ఒంటెల మీదా, కాలినడకనా రుబ్ అల్ ఖాలీ ఎడారి దాటాడు. ఆ పేరులోని ‘రుబ్’ అంటే పావు వంతు. ‘ఖాలీ’ అంటే మనం రోజూ వాడే ఖాళీయే. దాదాపు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల ఇసుక, అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపిన దానికి రెండింతలకు పైనే.

మొదటి అధ్యాయం ఇథియోపియా, సూడాన్‌ల గురించి. చాలామంది అక్కడే విసిగి పుస్తకం మూసేస్తారు. దాన్ని ప్రస్తుతానికి వదిలేసి ఒమాన్ దక్షిణ తీరంలోని సలాలా నుంచి మొదలుపెట్టండి. ముందుమాటలు కూడా చివరికి అట్టిపెట్టండి. 1977లో ఆయన మళ్లీ అక్కడికి వెళ్లి ఎంత బాధపడ్డాడో అందులో ఉంది. అది ముందే తెలిస్తే ప్రయాణం మీద నీడ పడుతుంది.

రెండో చిక్కు పేర్లు. అందరూ ‘బిన్’ (ఫలానావాడి కొడుకు) ఎవరో ఒకరే. తెగలు డజనుకు తక్కువ లేవు. రషీద్, బైత్ కథీర్ అనే రెండు తెగల్ని గుర్తుపెట్టుకుంటే మొదటి ప్రయాణం అర్థమవుతుంది. బైత్ కథీర్ వాళ్లలో ఎక్కువమంది మధ్యలోనే ధైర్యం చాలక వెనుదిరిగారు, చివరికి దాటింది ఐదుగురే. పుస్తకం చివర ఏ ప్రయాణంలో ఎవరున్నారో జాబితా ఉంది, ఆ పేజీలో ఒక చీటీ పెట్టుకోండి.

పేపర్‌బ్యాక్‌లో మ్యాపులు కుదించి వేశారు, పేర్లు కనపడవు. పక్కన ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి మొదటి ప్రయాణానికి సలాలా, ముఖ్షిన్, అబుదాబి వైపున్న లివా ఒయాసిస్సు గుర్తుపెట్టుకోండి. నేటి మ్యాపుల్లో ముఖ్షిన్‌ను ముక్షిన్ అని వెతకాలి. ‘ఉరూఖ్ అల్ షైబా’ అని ఆయన రాసిన తిన్నెల కోసం షైబా అని కొడితే సౌదీ చమురు క్షేత్రం దగ్గర తేలతారు. అక్కడ స్క్రీన్‌ను దగ్గరికి లాగి ఆ తిన్నెల వరసలు చూడండి. ఆ తర్వాత వాళ్లు ఒంటెల్ని నడిపించుకుంటూ, కాళ్ల కింద శిఖరాలు జారిపోతుంటే పైకెక్కిన పేజీలు చదివితే, ఒక వరస దాటాక ఇంకా పెద్దది ఎదురైనప్పుడు వాళ్ల గుండె ఎందుకు జారిందో మీకే తెలుస్తుంది.

ఈ పుస్తకం గొప్పతనం జాడలు చదివే ఘట్టంలో ఉంది. ఇసుక మీద ఒంటెల అడుగులు కనిపిస్తాయి. ఒక ముసలాయన వాటి వెంట కాస్త దూరం వెళ్లి, ఒంటె దిగి, పెంటికను వేళ్లతో చిదిమి చూస్తాడు. వెళ్లింది ఏ తెగవాళ్లో, ఎంతమందో, ఎవరి ఒంటెల్ని కొల్లగొట్టారో, ఎక్కడ నీళ్లు పట్టుకున్నారో, ఎన్ని రోజులైందో చెప్పేస్తాడు. ఇందులో మంత్రమేమీ లేదు. ఇసుకలో పెరిగిన ఒంటె అరికాలు మెత్తగా, తోలు పేలికలుగా ఉంటుంది, గులకరాళ్ల నేలలో తిరిగినదాని అరికాలు నున్నగా అరిగి ఉంటుంది. పెంటికను బట్టి అది ఎక్కడ మేసిందో తెలుస్తుంది. థెసిజర్ ఈ చదువును వివరంగా విప్పి చెబుతాడు. ఇలాంటిచోట వేగంగా చదవకండి, రోజుకు పది పదిహేను పేజీలు చాలు.

మేకతోలు తిత్తుల్లో నీళ్లు చుక్క చుక్కగా కారిపోవడం, చేదెక్కిన నీళ్లనే ఒంటెపాలు కలిపి తాగడం, ఆకలి మీద కుందేలు వండుకుంటే సరిగ్గా అప్పుడే వచ్చిన అతిథులకు అదంతా పెట్టేయడం కూడా అలా ఆగి చదవాల్సినవే. లివా దగ్గర తిండి కోసం వెళ్లినవాళ్లకై ఆయన రోజుల తరబడి పస్తుతో ఎదురుచూస్తాడు. కడుపునిండా తిని, కుర్చీలో కూర్చుని రేడియో వినడం కన్నా ఈ ఆకలే మేలని అప్పుడు అనుకుంటాడు. కుర్చీలో కూర్చున్న మనల్ని ఆ వాక్యం సూటిగా తాకుతుంది.

లోపాలున్నాయి. ఆడవాళ్లు దాదాపు కనిపించరు. కష్టం ఉంటేనే మనిషి గొప్పవాడన్న పట్టుదల ఆయనది. మోటారు కారు వచ్చాక బెదూల పిల్లలకు బడి, ఆస్పత్రి దగ్గరయ్యాయన్న సంగతిని ఆయన తూకంలో వేయడు.

ఈ-బుక్ కన్నా కాగితం పుస్తకం నయం, ఆయన లైకా కెమెరాతో తీసిన నలుపు తెలుపు ఫొటోలు చిన్న స్క్రీన్ మీద చచ్చిపోతాయి. ఆయన నెగటివ్‌లు ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి. ఇంగ్లీషు సరళమే, పదో తరగతి ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు.

మీ ఇంట్లో అబుదాబిలో పనిచేసి వచ్చినవాళ్లెవరైనా ఉంటే అబుదాబి పేజీలు వాళ్లకు చదివి వినిపించండి. జగిత్యాల నుంచీ, కోనసీమ నుంచీ వెళ్లినవాళ్లు ఎత్తైన మేడలు చూసిన ఆ చోట, ఆయన చూసింది ఒక కోట, దాని చుట్టూ ఒక చిన్న పాత ఊరు. తర్వాత యూఏఈ దేశాధ్యక్షుడైన షేక్ జాయెద్ అప్పటికి బురైమీ ఒయాసిస్సు దగ్గర మువైఖీలో కూర్చుని ఊరివాళ్ల తగాదాలు తీరుస్తుండేవాడు.